రేవు గిడ్డంగిలో నిలిచిన సరుకు: గడువు, అద్దె, వేలం

తోరణగల్లు సముద్రానికి దూరపు ఊరు. గుంతకల్లు–హోస్పేట రైలుమార్గం మీద ఉండి, ఉక్కు కర్మాగారానికి రేవుల నుండి వచ్చే బొగ్గుబండ్లను నిత్యం చూసే ఊరే గాని ఓడలను చూసే ఊరు కాదు. అయినప్పటికీ ఈ చుట్టుపక్కల ఉన్న నేత కుటుంబాల కూలికీ, రేవుకూ లంకె ఉన్నది. మొలకాల్మూరు, రాయదుర్గం, ధర్మవరం మగ్గాల మీదికెక్కే పట్టులో కొంత భాగం చైనా నుండి వస్తుంది. రంగులు, రసాయనాలు, యంత్రభాగాలు కూడ కొన్ని విదేశాలవే. అక్కడ గిడ్డంగిలో బేలు ఆగితే ఇక్కడ పడుగు ఆగుతుంది. పడుగు ఆగితే పొయ్యి మీద కుండ ఆగుతుంది.

పట్టు ధర పెరిగినప్పుడల్లా, పది కుటుంబాలో ఒక సంఘమో కలిసి నేరుగా విదేశీ సరుకు తెప్పించుకొంటే మధ్యవర్తుల లాభం మిగులుతుంది గదా అనే ఆలోచన పుట్టడం సహజం. ఆలోచన మంచిదే. కాని సరుకు రేవుకు చేరిన తరువాత డబ్బు సమకూరకపోయినా, కాగితాలలో తప్పు దొర్లినా, భాగస్వాములలో భేదం వచ్చినా మనవారు సాధారణంగా అనే మాట ఒకటున్నది: “సరుకు మనదే గదా, కొన్నాళ్లు అక్కడే ఉండనీయండి, ఎక్కడికి పోతుంది?” ఆ సరుకు ఎక్కడికి పోతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగా ఒక్క మాట చెప్పుకొందాము. దిగుమతి అయిన సరుకు విషయంలో ఊరకుండడం అన్నిటికన్న ఖరీదైన పని. యజమానికి చట్టం ఇచ్చిన సౌకర్యాలన్నీ మొదటి రోజులలోనే అందుబాటులో ఉంటాయి. రోజులు గడిచే కొద్దీ అవి ఒక్కొక్కటిగా చేజారిపోతాయి.

సరుకు ఎవరి స్వాధీనంలో ఉంటుంది?

మన దేశంలో ఈ విషయమంతా 1962 నాటి కస్టమ్సు చట్టం ప్రకారం నడుస్తుంది. ఆ చట్టం 1963 ఫిబ్రవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు 1878 నాటి సముద్ర సుంకాల చట్టం ఉండేది.

ఓడ నుండి దిగిన సరుకు యజమానికి నేరుగా రాదు. 45వ సెక్షను ప్రకారం అది కస్టమ్సువారు ఆమోదించిన సంరక్షకుని వద్ద ఉంటుంది. రేవు యాజమాన్యం గాని, రేవుకు దగ్గరి కంటెయినర్ స్టేషను గాని, బెంగుళూరు వైట్‌ఫీల్డ్ వంటి లోనాటి డిపో గాని ఈ సంరక్షకుడు కావచ్చును. అధికారి అనుమతి వ్రాతపూర్వకంగా లేనిదే ఈ సంరక్షకుడు ఒక్క చిలప కూడ బయటికి వదలరాదు. అతని స్వాధీనంలో ఉండగా సరుకు దొంగతనానికి గురైతే దాని మీది సుంకానికి అతడే బాధ్యుడు, దిగుమతిదారు కాదు. కావున బేళ్లు విప్పి చూసినప్పుడు లెక్క తగ్గినట్లు కనబడితే, సరుకు విడుదలకు ముందే వ్రాతమూలకంగా తెలుపుకోవలెను. ఇంటికి తెచ్చుకొన్న తరువాత చెప్పిన మాటకు విలువ ఉండదు.

ముప్పది రోజుల లెక్క

సరుకు విడిపించుకొనేందుకు దాఖలు చేసే పత్రాన్ని బిల్ ఆఫ్ ఎంట్రీ అంటారు. కొన్ని మినహాయింపులు తప్ప, ఓడ వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోగా దీనిని దాఖలు చేయవలెనని 2021లో నియమం మార్చారు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు 5,000 రూపాయలు, ఆపైన రోజుకు 10,000 రూపాయలు చొప్పున రుసుము పడుతుంది. తగిన కారణం చూపగలిగితే అధికారి దీనిని మినహాయించవచ్చు. కారణం చూపే బాధ్యత మాత్రం మనదే.

ఇక అసలు గడువు 48వ సెక్షనులో ఉన్నది. సరుకు దిగిన నాటి నుండి 30 రోజులలోగా యజమాని దానిని వాడకానికి విడిపించుకోకపోయినా, బాండు గిడ్డంగిలో పెట్టించకపోయినా, సంరక్షకుడు అధికారి అనుమతితో, దిగుమతిదారుకు నోటీసు ఇచ్చి దానిని అమ్మివేయవచ్చును. ఈ గడువు పూర్వం ఇంకా ఎక్కువ ఉండేది. 1991లో దీనిని 30 రోజులకు తగ్గించారు.

ముప్పది ఒకటవ రోజున తప్పక వేలం వేస్తారని దీని అర్థం కాదు. ఆ రోజు నుండి అమ్మే అధికారం వస్తుంది. 2009 నాటి నియమావళి మరొక మెట్టు ముందుకు పోయి, ఎవరూ తీసుకొనిపోని సరుకును 90 రోజులలోగా వదిలించుకోవలసిన బాధ్యతను సంరక్షకుని మీదనే పెట్టింది. వివాదాల వల్ల, పరీక్షల వల్ల, పాటదారులు రాకపోవడం వల్ల ఆచరణలో ఆలస్యం జరుగుతూ ఉంటుంది. ఆ ఆలస్యాన్ని చూసి మనకు గడువు పెరిగిందని భ్రమపడరాదు. పెరిగేది అద్దె మాత్రమే.

ఇందులో మన వృత్తికి సంబంధించిన ఒక ముఖ్య విషయమున్నది. పశువులు, త్వరగా చెడిపోయే వస్తువులు, ప్రమాదకర వస్తువులు అయితే ముప్పది రోజులు ఆగనక్కరలేదు, ఎప్పుడైనా అమ్మవచ్చును. అద్దకంలో మనం వాడే హైడ్రోస్ తేమ తగిలితే తానుగా వేడెక్కి మండే గుణం కలది. అది ప్రమాదకర వస్తువుల కోవలోనిదే. కావున రంగులు, రసాయనాలు తెప్పించేవారు నూలు తెప్పించేవారి కన్న త్వరపడవలెను.

సుంకం వేరు, అద్దె వేరు

రైలు గూడ్సు షెడ్డు ఎరిగినవారికి డెమరేజి అనే మాట కొత్త కాదు. రేవులోనూ అంతే. అయితే అక్కడ బాకీదారు ఒకరు కాదు, ముగ్గురు. సుంకం కస్టమ్సువారికి, అద్దె గిడ్డంగివారికి, డబ్బాను ఆపి ఉంచినందుకు రుసుము ఓడ కంపెనీకి చెల్లించవలెను. ఉచితంగా ఉంచుకొనే రోజులు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటాయి. అవి దాటిన తరువాత రోజులు గడిచిన కొద్దీ రేటు కూడ మెట్లుమెట్లుగా పెరగడం పరిపాటి.

కస్టమ్సువారే అనుమానంతో సరుకును ఆపినారనుకొందాము. చివరకు మన వద్ద తప్పు లేదని తేలింది. అప్పుడు అద్దె పోతుందా? పోతుందనే చాలమంది అనుకొంటారు. కాని 1995లో గ్రాండ్ స్లామ్ అనే దిగుమతి సంస్థ వ్యాజ్యంలోను, 2001లో సి.ఎల్. జైన్ ఉన్ని మిల్లు వ్యాజ్యంలోను సుప్రీంకోర్టు చెప్పిన దాని సారాంశం వేరు. సరుకును ఆపడం తప్పని తేలినంత మాత్రాన చోటు ఇచ్చినవానికి అద్దె అడిగే హక్కు పోదు. తరువాత వచ్చిన 2009 నియమావళిలో, అధికారి పట్టుకొన్న లేదా ఆపిన సరుకు మీద సంరక్షకుడు అద్దె, డెమరేజి వసూలు చేయరాదని ఉన్నది. అయితే “ఇతర చట్టాలకు లోబడి” అనే మాట కూడ అందులోనే ఉన్నది. కావున సరుకు ఆపిన సందర్భంలో, ఎన్నాళ్లు ఆపినారో తెలిపే ధ్రువపత్రం కస్టమ్సువారి వద్ద తీసుకొని, అద్దె మాఫీకై గిడ్డంగివారికీ, ఓడ కంపెనీకీ వెంటనే విడివిడిగా అర్జీ పెట్టుకోవలెను. తనంతట తానే మాఫీ అవుతుందని నమ్మి కూర్చోరాదు.

డబ్బు సమకూరనప్పుడు నాలుగు దారులు

మొదటిది, గడువు పొడిగింపు కోరడం. 48వ సెక్షనులోనే అధికారి మరికొంత సమయం ఇవ్వవచ్చునని ఉన్నది. ముప్పది రోజులు దాటక ముందే కారణం చూపి అర్జీ ఇచ్చినవానికి ఈ మాట ఉపయోగపడుతుంది.

రెండవది, 49వ సెక్షను. బిల్లు దాఖలు చేసి, ఏదో అడ్డంకి వలన వెంటనే విడిపించుకోలేకపోతే, సరుకును 30 రోజుల వరకు పబ్లిక్ గిడ్డంగిలో ఉంచేందుకు అనుమతి పొందవచ్చును. కమీషనరు దీనిని ఒక్కొక్కసారి 30 రోజుల వరకు పొడిగించవచ్చు. కంటెయినర్ స్టేషనులోని అద్దె కన్న ఇక్కడి అద్దె తక్కువైతే ఇది లాభం. ముందుగా రెండు రేట్లూ కనుక్కొని లెక్క వేసుకోవలెను.

మూడవది, బాండు గిడ్డంగి. సుంకానికి మూడు రెట్ల మొత్తానికి బాండు వ్రాసి ఇచ్చి, సుంకం కట్టకుండ సరుకును అందులో పెట్టించవచ్చును. సాధారణ దిగుమతిదారుకు ఏడాది వరకు గడువుంటుంది. మొదటి 90 రోజులకు వడ్డీ లేదు, ఆపైన సుంకం మీద ఏడాదికి 15 శాతం వడ్డీ పడుతుంది. పది బేళ్లు వచ్చి, రెండు బేళ్లకే డబ్బు ఉన్నప్పుడు ఆ రెండింటిని విడిపించి మగ్గాలకు ఇచ్చి, చీరలు అమ్మిన సొమ్ముతో తక్కినవి విడిపించుకొనేందుకు ఇది అనువైన దారి. కాని గడువు దాటినా, అనుమతి లేక బయటికి తీసినా 72వ సెక్షను ప్రకారం సుంకం, వడ్డీ, జరిమానా కట్టవలసి వస్తుంది. కట్టకపోతే అధికారి ఆ సరుకునే అమ్మివేయవచ్చును.

నాలుగవది, హక్కు వదులుకోవడం. 23వ సెక్షను ప్రకారం, విడుదల ఉత్తర్వు గాని బాండు గిడ్డంగిలో పెట్టే ఉత్తర్వు గాని ఇవ్వక ముందే యజమాని సరుకు మీది హక్కును వదులుకొన్నట్లు తెలిపితే సుంకం కట్టనక్కరలేదు. సరుకు విషయంలో నేరం జరిగినట్లు కనబడితే మాత్రం ఈ సౌకర్యం వర్తించదు. వినడానికి ఇది ఓటమిగా తోచవచ్చును. కాని ధర పడిపోయి, సరుకు విలువ కన్న సుంకం, అద్దె ఎక్కువయ్యే స్థితి వచ్చినప్పుడు చేయి కాలక ముందే వదలడం వివేకం. అయితే దీనితో పోయేది సుంకం బాధ్యతే. విదేశీ వర్తకునికి ఇవ్వవలసిన సొమ్ము, ఓడ కంపెనీతో చేసుకొన్న ఒప్పందం బాకీలు ఈ కాగితంతో రద్దు కావు.

వేలం సొమ్ము ఎవరికెంత?

వేలం సొమ్ము పంపకాన్ని 150వ సెక్షను నిర్ణయిస్తుంది. బహిరంగ వేలం ద్వారా గాని, టెండరు ద్వారా గాని, యజమాని సమ్మతిస్తే మరొక విధంగా గాని అమ్మవచ్చును. నేడు ఎక్కువగా ఎలక్ట్రానిక్ వేలమే జరుగుతున్నది. వచ్చిన సొమ్ములో మొదట అమ్మకపు ఖర్చులు, రెండవది ఓడ కంపెనీ నోటీసు ఇచ్చి ఉంటే దాని కిరాయి, మూడవది సుంకం, నాలుగవది సంరక్షకుని అద్దె, ఐదవది కస్టమ్సు చట్టాల కింద యజమాని ప్రభుత్వానికి ఉన్న ఇతర బాకీలు తీసివేస్తారు. మిగిలినది యజమానికి చెందుతుంది.

ఊహించిన లెక్కతో చూద్దాము. ఒక సంఘం పట్టు వేలంలో 8,00,000 రూపాయలకు పోయిందనుకోండి.

అమ్మకపు ఖర్చులు: 40,000
ఓడ కంపెనీకి: 1,60,000
సుంకం: 2,10,000
గిడ్డంగి అద్దె: 3,10,000
ఇతర బాకీ: 20,000
యజమానికి మిగిలేది: 60,000

ఎనిమిది లక్షల పట్టుకు అరవై వేలు! ఇందులో ఓడ కంపెనీకి, గిడ్డంగికి పోయిన పెద్ద మొత్తాలు రెండూ ఆలస్యంతో పెరిగేవే. పైగా వేలంలో పట్టుకు బజారు ధర వస్తుందనే భరోసా లేదు. సముద్రతీరపు తేమలో నెలల తరబడి ఇనుప డబ్బాలో మూసి ఉన్న పట్టు రంగు తగ్గుతుంది, వాసన పడుతుంది. పాటదారు దానిని చూసే పాడుతాడు.

ఆ అరవై వేలు కూడ అడిగినవారికే దక్కుతాయి. అమ్మిన నాటి నుండి ఆరు నెలలలోగా, లేదా కమీషనరు ఇచ్చిన అదనపు గడువులోగా యజమానికి చెల్లించలేకపోతే ఆ మిగులు కేంద్ర ప్రభుత్వానికి జమ అవుతుంది. సరుకు పోయింది గదా అని నిరాశపడి, వేలం లెక్క అడగకుండ ఊరకున్నవారు ఇక్కడ రెండవసారి నష్టపోతారు.

రెండు ఉదంతాలు

యజమాని వదిలేసిన సరుకు ఎంత కాలం వేధిస్తుందో కొచ్చిన్ రేవు చూసింది. ఉన్ని గుడ్డ పీలికల పేరిట వచ్చిన కంటెయినర్లను తెప్పించినవారు తీసుకొనిపోలేదు. డబ్బాల అద్దె ఎవరు కట్టవలెనని రేవుకూ, ఓడల ఏజెంట్లకూ వ్యాజ్యం నడిచి, చివరకు 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. రేవు ప్రభుత్వ సంస్థ గనుక తోచినంత కాలం సరుకును ఉంచి అద్దె పెంచుకొంటూ పోరాదని, సమంజసమైన కాలంలో అమ్మకానికి చర్య తీసుకోవలెనని ఆ తీర్పు చెప్పింది. అనగా అద్దె అన్యాయంగా పెరిగినదని వాదించే దారి యజమానికి పూర్తిగా మూసుకొని పోలేదు. కాని ఆ దారి ఎంత పొడవో ఈ వ్యాజ్యమే చెబుతున్నది.

ప్రమాదకర వస్తువులను ఎందుకు ముందే అమ్ముతారో బేరూత్ రేవు తెలిపింది. దిక్కులేని ఓడ నుండి దించిన సుమారు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు అక్కడి గిడ్డంగిలో ఏళ్ల తరబడి ఉండిపోయి, 2020 ఆగస్టు 4న పేలి రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. అదే సమయంలో చెన్నై సమీపంలోని కంటెయినర్ స్టేషనులోనూ, 2015లో కస్టమ్సువారు పట్టుకొన్న సుమారు 700 టన్నుల అదే పదార్థం ఉన్నది. బేరూత్ వార్త వచ్చిన కొద్ది రోజులలోనే దానిని డబ్బాలలో హైదరాబాదుకు తరలించడం మొదలుపెట్టారు. మన హైడ్రోస్ డబ్బాకూ, ఆ ఘోరానికీ పోలిక లేదు. కాని గిడ్డంగి అధికారులు రసాయనం పేరు చూడగానే ఎందుకు తొందరపడుతున్నారో దీని వలన గ్రహించవచ్చును.

వేలంలో కొనే సోదరులకు

రేవు వేలంలో చవుకగా పట్టు దొరుకుతుందని చెప్పేవారు మన బజారులలో ఉంటారు. దొరకవచ్చును. కాని వేలం సరుకును ఉన్నది ఉన్నట్లే అమ్ముతారు. తరువాత బాగాలేదని తిరిగి ఇవ్వడానికి వీలుండదు. కావున చూడడానికి ఇచ్చిన రోజున తప్పక వెళ్లి చూడవలెను. పైకట్టు మీద వ్రాసిన 20/22 డెనియరు అనే మాటను నమ్మక, లోపలి లడిని తీసి చూడవలెను. పట్టుకు మామూలుగా 11 శాతం తేమ లెక్కకట్టడం వ్యాపార మర్యాద. నిలవ సరుకులో తేమ అంతకు మించి ఉంటే మనం నీటికి పట్టు ధర ఇచ్చినట్లే. రంగులు కొనేవారు, మన దేశంలో నిషేధించిన అజో రంగుల జాబితాలో అది లేదని తెలుసుకొన్న తరువాతనే పాట పాడవలెను. పాట ఖాయమైన తరువాత సొమ్ము కట్టే గడువు, సరుకు ఎత్తే గడువు, పాట సొమ్ముపై వేరుగా కట్టవలసిన పన్నులు షరతులలో చదువుకోవలెను. ఎత్తే గడువు దాటితే మన మీద కూడ అద్దె పడుతుంది.

సంఘాలు చేయవలసినవి

1. సరుకు ఓడ ఎక్కక ముందే సుంకం, కిరాయి, ఏజెంటు రుసుము, పది రోజుల అద్దె కలిపి సొమ్ము వేరుగా ఉంచవలెను. సుంకం రేటు బడ్జెట్టుతో మారవచ్చును. 2021 బడ్జెట్టులో ముడి పట్టు మీద కస్టమ్సు సుంకాన్ని 10 నుండి 15 శాతానికి పెంచినారు. పాత రేటుతో లెక్క వేసుకొన్నవారికి ఇటువంటి మార్పు ఇబ్బందే.

2. చిరునామా విషయంలో జాగ్రత్త. అమ్మకానికి ముందు నోటీసు ఇవ్వవలెనని చట్టమున్నది గాని, అది కాగితాలలో ఉన్న చిరునామాకే వస్తుంది. తోరణగల్లు పేరును ఇంగ్లీషులో రెండు మూడు విధాల వ్రాస్తున్నారు. అన్ని కాగితాలలోను ఒకే విధంగా, పిన్ కోడుతో సహా వ్రాయించవలెను. కార్యదర్శి మారితే ఫోను, ఈమెయిలు మార్చి, ఏజెంటుకూ ఓడ కంపెనీకీ తెలుపవలెను. దిగుమతి కోడు వివరాలను ఏటా ఏప్రిల్, జూన్ నెలల మధ్య సరిచూసి ధ్రువపరచవలెను.

3. సరుకు దిగిన తేదీని సంఘం గోడ మీద వ్రాసి పెట్టవలెను. 10వ రోజున ఒకసారి, 20వ రోజున ఒకసారి కమిటీ కూడి విడిపించుకోవడమా, బాండులో పెట్టడమా, గడువు కోరడమా, వదులుకోవడమా తేల్చుకోవలెను. 29వ రోజు వరకు తేల్చని కమిటీ తరఫున తీర్పు వేలందారు ఇస్తాడు.

4. ప్రతి అర్జీ వ్రాతమూలకంగా ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవలెను. నోటి మాటలకు రేవులో విలువ లేదు.

5. సరుకు వేలమైతే, అయిన తేదీ, వచ్చిన ధర, తీసివేతల వివరం కోరుతూ వెంటనే వ్రాయవలెను. ఆరు నెలల లెక్క ఆ తేదీ నుండే నడుస్తుంది.

పది మంది నేతగాళ్లు దాచుకొన్న సొమ్ముతో తెప్పించిన పట్టు అది. ఒక్కొక్క లడి వెనుక ఒక ఇంటి ఆశ ఉన్నది. మగ్గం ముందు తెగిన పోగును చూచి కూడ అతకకుండ ముందుకు నేసేవాడు మనలో లేడు. రేవులోని కాగితం పనిని కూడ అదే శ్రద్ధతో, తెగిన నాడే అతికించుకోవలెనని సంఘాల పెద్దలకు మనవి.